జవాబుకి పట్టే కాలం

"ఇది కాఫీయేటి, హార్బరు నీళ్ళేటి?" అని దాలినాయుడు అడగాల్సిన సమయం దాటిపోయింది.

నూకరత్నం గ్లాసు ఆయన చేతికిచ్చి, ఎదురుగా కుర్చీ అంచున కూర్చుని, ఆయన పెదవులకేసి చూస్తూ ఉంది. ఆయన ఒక గుక్క తాగి కళ్ళు చిట్లించాడు. అంటే మాట లోపల పుట్టింది, ఇక బయటికి రావాలి. వీధిలో ఒక ఆటో ఆగి, మనిషిని ఎక్కించుకుని వెళ్ళిపోయింది. వంటింట్లో కుళాయి కింద పెట్టిన గిన్నె నిండి పొర్లింది. ఆమె వెళ్ళి కుళాయి కట్టి, గ్యాస్ మీట ఆపి ఉందో లేదో ఇంకోసారి చూసుకుని వచ్చేసరికి ఆయన నోరు తెరుచుకుంది.

"హార్బరు... నీళ్ళు."

"ఆ నీళ్ళలోనే కదా ఉద్యోగమంతా చేశారు. అలవాటు తప్పకూడదని కలిపాను."

ఈ పోట్లాట వాళ్ళ పెళ్ళంత పాతది. ఆమె ఆ మాట అన్నాక ఆయన ఇంకో మాట అనాలి. రోజూ కొత్తది అనేవాడు. ఇప్పుడు ఆ మాట కోసం ఆగితే ఆమె ఉద్యోగానికెళ్ళే లాబు బస్సు తప్పిపోతుంది. ఆగకుండా వెళితే అది రోజంతా ఆయన నోట్లోనే నానుతుంది. రత్నం చెప్పులు వేసుకుని గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి చూసింది. ఎక్కడికి వెళ్తున్నా అలా చూసి వెళ్ళడం ఆమెకు అలవాటు. ఆయన ఇంకా కళ్ళు చిట్లించుకునే ఉన్నాడు.

విశాఖ రేవులో టగ్గు నడిపినవాడు దాలినాయుడు. ఊరంత ఓడకి తాడు వేసి లాగి, గోడకి తగలకుండా ఒడ్డుకి చేర్చడం ఆయన పని. వైర్‌లెస్‌లో ఆయన నోటికి పరదేశపు కెప్టెన్లు కూడా జడిసేవారు. తరవాత నరాల జబ్బు వచ్చింది. మాట పోయింది, చేతులూ కాళ్ళూ మాత్రం ఆడుతూనే ఉన్నాయి. అప్పుడు చెవి వెనక, చింతగింజంత పరికరం అమర్చారు. దాని పేరు ఊతం. అది మెదడులో చెడిపోయిన చోటు చెయ్యాల్సిన పనిని కొండ మీది లాబులో ఉన్న పెద్ద యంత్రానికి అప్పగిస్తుంది. మాట అక్కడ తయారై, వెంటనే మనిషి నాలుక మీదికి వస్తుంది. ఊతం పెట్టిన మొదటి రోజున దాలినాయుడు ఆసుపత్రి మంచం మీదే నర్సుతో వాదం పెట్టుకున్నాడు. రత్నం వరండాలోకి పోయి ఏడ్చింది.

అది ఎనిమిదేళ్ళ కిందటి సంగతి. ఇప్పుడు ఆదివారం పూట చేపలమ్మి వాకిట్లో తట్ట దించి, "వంజరం ఉన్నాది బావూ, కావాల?" అంటుంది. ఆయన కళ్ళు చిట్లిస్తాడు. "అయితే నానెల్తాను బావూ" అని ఆమె తట్ట ఎత్తుకుని మలుపు తిరిగాక, ఖాళీ వాకిలితో ఆయన "ఆగు" అంటాడు.

అందరిలోకీ రత్నం క్షమించలేనిది మాత్రం ఒక్కరినే. ఊతం కనిపెట్టిన డాక్టర్ వేదాద్రి. పోయిన ఏడు, ఊతం పుట్టినరోజంటూ ఆయన కెమెరాలతో వాళ్ళ ఇంటికి వచ్చాడు. దాలినాయుడు భుజం మీద చెయ్యి వేసి, "ఎలా ఉన్నారు నాయుడుగారూ?" అని అడిగాడు. నాయుడు కళ్ళు చిట్లించాడు. వేదాద్రి కెమెరాల వైపు తిరిగి, "చాలా బాగున్నారు" అన్నాడు. అందరూ నవ్వుకుంటూ మెట్లు దిగిపోయారు. కింద కారు తలుపులు వేసుకున్న చప్పుడు వినబడ్డాక, తెరిచి ఉన్న గుమ్మం వైపు చూస్తూ దాలినాయుడు, "బాగో... లేను" అన్నాడు.

ఆ వేదాద్రి లాబులోనే రత్నం ఉద్యోగం. పోలికల గదికి ఆమె పెద్ద.

*

యంత్రంలో నడిచే ఊతాన్ని లాబువాళ్ళు అప్పుడప్పుడు మారుస్తూ ఉంటారు. మార్చిన ప్రతిసారీ అది ఒక కొత్త కూర్పు. దాన్ని కొద్ది రోజులు నడిపి చూస్తారు. అడిగిన మాటకి జవాబు ఎంత వేగంగా తయారైందో ప్రతి రోగికీ ఒక గీతగా నమోదవుతుంది. పాత కూర్పు గీత నీలం, కొత్త కూర్పు గీత నారింజ. రత్నం ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తుంది. మనుషులన్నాక ఒకరోజు నిద్ర చాలదు, ఒకరోజు జ్వరం. కాబట్టి వెంట్రుకంత తేడాని లెక్కపెట్టరు. అంతకు మించి జారితే బోర్డు మీద ఆ రోగి నంబరు ఎర్రబడుతుంది. జారకపోతే ఆకుపచ్చ. రత్నం సంతకం పెడుతుంది. నారింజ గీత మరుసటి పోలికకి నీలం గీత అవుతుంది. పాత నీలాన్ని అటక మీదికి ఎక్కిస్తారు. అటక అంటే నిజంగా అటక కాదు, ఎవరూ తెరవని నిలవ చోటు. ఆ పేరు రత్నమే పెట్టింది.

బోర్డు మీద ఎరుపు ఎన్నడూ రాలేదు. రోగుల ఇళ్ళల్లో ఫోన్లకి కూడా రోజూ పొద్దున్నే ఒక ఆకుపచ్చ టిక్కు వస్తుంది. రత్నం ఫోన్‌కీ వస్తుంది.

రోగులకి పేర్లుండవు, నంబర్లే. ఏ నంబరు ఎవరిదో లాబులో పనిచేసేవాళ్ళకి తెలియకూడదని నియమం. అది మంచి నియమమని రత్నం నమ్మింది. తన మొగుడి గీత కూడా ఈ గుట్టలో ఎక్కడో ఉందని తెలుసు గానీ, ఏదో వెతకలేదు. వెతకాలంటే భయం.

ఆరోజు ఎనిమిదో కూర్పు పోలిక చూస్తోంది. గీతలు ఒకదాని వెనక ఒకటి తెర మీదికి వచ్చి పోతున్నాయి. ఒక గీత దగ్గర చెయ్యి ఆగింది. ఆ గీతలో రోజూ పొద్దున్న ఒకే వేళకి ఒక అల లేస్తోంది. మాట మీద మాట, జవాబు మీద జవాబు వెంట వెంట పడితే వచ్చే అల అది. తరవాత రోజంతా చదునుగా ఉంది. మధ్యలో కొన్ని రోజులు అల అసలు లేదు. మళ్ళీ మొదలైన రోజున మాత్రం మిగతా రోజులకంటే చాలా ఎత్తు లేచింది.

రత్నం తేదీలు చూసింది. అల లేని రోజుల్లో తను శిక్షణ కోసం హైదరాబాదులో ఉంది. తిరిగి వచ్చిన పొద్దున్న కాఫీ గ్లాసు చేతికివ్వగానే ఆయన అన్ని రోజుల బాకీ ఒకేసారి తీర్చుకోబోయాడు. పాపం, ఆ ఎత్తయిన అల కూడా ఎంత బద్ధకంగా లేచిందో!

ఆమె లేచి గది తలుపు మూసింది. మొట్టమొదటిసారి అటక తెరిచి, అదే నంబరు మొదటి కూర్పు గీతని తీసి, ఎనిమిదోదాని మీద పెట్టింది.

మొదటి గీతలో పొద్దుటి అల తుఫాను ముందు సముద్రంలా నిటారుగా ఉంది. ఎనిమిదో గీతలో అదే అల మడుగులో రాయి వేస్తే కదిలినట్టుంది. మధ్యలోని కూర్పులన్నీ తీసి వరసగా పేర్చింది. ప్రతి గీతా తన ముందుదానికి వెంట్రుకంత దూరంలోనే ఉంది. ప్రతిదాని కిందా ఆకుపచ్చ గుర్తు ఉంది. ఆ గుర్తుల పక్కనున్న సంతకాలన్నీ ఆమెవే.

ఆమె కుర్చీలో కూలబడింది. మూసిన తలుపు అవతల ఎవరో నవ్వుతున్నారు.

*

"వ్యాధి పెరుగుతుంది రత్నంగారూ" అన్నాడు వేదాద్రి. "ఊతం వ్యాధిని ఆపదు, మోస్తుంది. మీరు చదువుకున్నవారు, మీకు నేను చెప్పాలా?"

ఆమె ప్రశ్న ముగించకముందే ఆయన జవాబు వచ్చేసింది. ఆయన ఎప్పుడూ అంతే. మంచినీళ్ళు ముట్టకుండా గంటసేపు మాట్లాడగలడని లాబంతా గొప్పగా చెప్పుకునేవారు.

"వ్యాధి వల్లనైతే గీత రోజూ ఇంత అని జారాలి సార్. ఇది మెట్లు మెట్లుగా జారింది. ప్రతి మెట్టూ మనం కొత్త కూర్పు ఎక్కించిన రోజునే ఉంది."

"ప్రతి మెట్టుకీ మీ ఆమోదం కూడా ఉంది."

"ఉంది సార్. ముందు మెట్టుతో పోల్చమన్నారు, పోల్చాను. మొదటి మెట్టుతో ఎవరూ పోల్చలేదు. ఆ పద్ధతి మీరు పెట్టిందే."

వేదాద్రి నవ్వాడు. కోపం లేని నవ్వు. అందుకే ఆమెకి ఒళ్ళు మండింది.

"సరే, దాచేదేమీ లేదు. కూర్పు కూర్పుకీ ఒక్కొక్కరికి యంత్రంలో ఇచ్చే చోటు కొద్దిగా తగ్గించాం. మిగిలిన చోటులో కొత్తవాళ్ళు కూర్చున్నారు. బస్సులో సర్దుకోమంటాం చూడండి, అలాగ. మొదట్లో మీ ఆయన ఒక్కరికి ఇచ్చిన చోటులో ఇప్పుడు ఎనిమిది మంది మాట్లాడుతున్నారు. నెమ్మదిగానే అనుకోండి, మాట్లాడుతున్నారు కదా! మీ ఆయనకి మొదటి కూర్పు కావాలంటే ఏడుగుర్ని దించెయ్యాలి. ఎవర్ని దించమంటారో మీరే చెప్పండి."

ఆమె జవాబు వెతుక్కుంటోంది. ఇంతలో ఆయన ఫోన్ తీసి, "ఇంకేమీ లేదుగా?" అని కుర్చీ అటు తిప్పేసుకున్నాడు.

ఆమె మెట్లు దిగుతూ మూడో అంతస్తు దగ్గర ఆగిపోయింది. ఆయన కుర్చీ తిప్పినప్పుడు చెవి వెనక కనిపించింది, చింతగింజంత ఉబ్బు. ఆ ఉబ్బు సంగతి అందరికీ తెలిసిందే. ఆ జబ్బు మొదట ఆయనకే వచ్చింది. తన కోసమే ఊతం కనిపెట్టాడు. మొదటి రోగి ఆయనే. దాలినాయుడి కంటే ముందునుంచీ జబ్బుతో ఉన్నవాడు.

మరి ఆయన మాట ఎందుకు జారలేదు?

*

యంత్రాల గది శీతాకాలపు అరకులా ఉంటుంది. దాన్ని చూసుకునే ఢిల్లీశ్వరి ఎండాకాలంలో కూడా శాలువా కప్పుకుని, మంకీ టోపీ పెట్టుకుని కూర్చుంటుంది. యంత్రంలో ఎవరికి ఎంత చోటో పంచేది ఆమె. రత్నంకి లాబులో ఉన్న ఒకే స్నేహితురాలు.

"ఏటక్కా, ముఖం అలగైపోయింది?"

"ఢిల్లీ, ఎనిమిది మంది చోటు ఒక్కరే తీసుకున్న నంబరు ఏదైనా ఉందా?"

ఢిల్లీశ్వరి టోపీ చెవుల మీదనుంచి పైకి లాగింది. "ఉన్నాది. ఒకటో నంబరు. ఇంతవరకూ ఏ కొత్త కూర్పూ ఎక్కలేదు. 'కదపరాదు' అని గుర్తు పెట్టి ఉంటాది. ఎవరని నన్ను అడక్కు. తెలిసినా నాకు తెలీదు."

"ఆ గుర్తు తీసే హక్కు ఎవరికుంది?"

"పోలికల గది పెద్దకి. అంటే నీకే. ఆ రూలు రాసినోడు నువ్వు ఆయన మాట కాదంటావని కల్లో కూడా అనుకుని ఉండడు." ఢిల్లీశ్వరి ఆమె కళ్ళలోకి చూసి గొంతు తగ్గించింది. "ఒక్కదెబ్బతో దించేద్దామా అక్కా?"

"వద్దు. ఒక్క దెబ్బైతే తెలిసిపోతుంది. నా మొగుణ్ణి ఎలా దించారో అలాగే దించుదాం. ఒక్కొక్క కూర్పే ఎక్కించు. ప్రతిదానికీ ముందుదానితో పోలిక చూస్తాను. ఆకుపచ్చ వస్తేనే తరవాతది. పద్ధతి తప్పకూడదు."

"మిగిలే చోటు?"

రత్నం ఆ పొద్దున్న తెలుసుకున్న నంబరు చెప్పింది.

*

మొదటి మెట్టుకి ఇంట్లో ఏమీ మారలేదు. రెండో మెట్టుకీ అంతే. రత్నం గ్లాసు ఇచ్చి కూర్చునేది, లేచేది, కుళాయి కట్టేది, గ్యాస్ చూసేది. మూడోది ఎక్కించాక ఒకరోజు ఆమె "అలవాటు తప్పకూడదని కలిపాను" అని వంటింటి వైపు తిరగబోతూ ఉంటే, వీపు వెనకనుంచి వినబడింది.

"ఆ నీళ్ళలో చేపలైనా ఉండేవి. దీంట్లో అవీ నేవు."

ఆమె అలాగే గోడ పట్టుకుని నిలబడిపోయింది.

"ఏటి, నోరు పడిపోయిందేటి నీకు? ఇప్పటిదాకా నాకే పడిపోయిందనుకున్నాను."

ఆమె నవ్వింది. నవ్వు ఆపుకోలేక నేల మీద చతికిలబడింది. ఆయన కూడా కుర్చీలోంచి వంగి ఆమె ముఖంలోకి చూసి, "ఏడుస్తున్నావో నవ్వుతున్నావో ఏదో ఒకటి తేల్చు, కాఫీ సల్లారిపోతంది" అన్నాడు.

ఆదివారం చేపలమ్మి తట్ట ఎత్తబోతే, "దించు దించు, ఎక్కడికి పరుగు?" అన్నాడు. చేప మొప్ప ఎత్తి చూసి, "దీని కళ్ళు సూడు, నాకంటే ముసల్దిలా ఉన్నాది. ఐసులో పెట్టి దీనికి పింఛను ఇస్తున్నావా?" అన్నాడు. చేపలమ్మి నోరు వెళ్ళబెట్టి, "ఓలమ్మో, బావు మాటాడేస్తన్నాడు!" అని వీధంతా వినబడేలా కేకేసింది.

కొండ మీద ఇంకోలా ఉంది. వారం వారం జరిగే సమావేశంలో వేదాద్రి ఒక మాట దగ్గర ఆగాడు. పక్కనున్నాయన అందించాడు. ఆ తరవాతి వారం రెండు మాటలు అందించారు. ఇంకో వారానికి ఆయన వాక్యాల్ని చివరిదాకా ఆయన్ని చెప్పనివ్వకుండా ఎవరో ఒకరు ముగించడం మొదలుపెట్టారు. అందరూ గౌరవంగానే చేశారు. గౌరవంగా చేస్తే ఇంకా ఎక్కువ గుచ్చుకుంటుందని రత్నంకి తెలుసు. గుచ్చుకోవాలనే కోరుకుంది.

పనున్నా లేకున్నా ఆయన గదికి వెళ్ళేది. అవునూ కాదూలతో తేలని ప్రశ్నలు అడిగేది. చేతులు కట్టుకుని నిలబడి, ఆయన కళ్ళు చిట్లించడం చూసేది. ఆ చిట్లింపు ఆమె ఇంట్లో ఎన్నో పొద్దుటి పూటలు చూసినదే. దాని వెనక మనిషి ఎక్కడ చిక్కుకుని ఉంటాడో ఆమెకి తెలుసు. తెలిసీ తియ్యగా ఉండేది. బస్సులో ఇంటికి పోతూ, ఆయన తడుముకున్న మాటల్ని మనసులో మళ్ళీ మళ్ళీ తిప్పుకునేది.

ఒకనాడు ఆయనే పిలిచాడు.

"రత్నంగారూ, ఒకటో నంబరు... గీత... చూడండి. ఏమైనా జారిందా?"

ఆయన ఎదురుగానే తెర మీద పెట్టింది. పోయిన వారపు గీత నీలం, ఈ వారపు గీత నారింజ. రెండూ అంటుకున్నట్టే ఉన్నాయి.

"ఏమీ లేదు సార్. వెంట్రుకంత. మీరు సరిగ్గా నిద్రపోతున్నట్టు లేరు."

వేదాద్రి ఆ ఆకుపచ్చ గుర్తుని చాలాసేపు చూశాడు. నమ్మాడు. ఆయన పెట్టిన పద్ధతి మరి.

*

చివరి మెట్టు కూడా దిగిపోయిన సాయంత్రం దాలినాయుడు డాబా మీద కూర్చుని రేవు వైపు చూస్తున్నాడు. ఒక పెద్ద ఓడ లోపలికి వస్తోంది. దాని ముందు టగ్గు చీమలా కనబడుతోంది.

"వాడెవడో తాడు బిగుసు పెట్టాడు. ఇప్పుడు సూడు, మూతి పక్కకి తిరిగిపోద్ది" అన్నాడు. తిరిగింది. ఆయన తృప్తిగా తల పంకించి, అదే గొంతుతో అడిగాడు. "రత్నం, నాకు మాట ఎలగ తిరిగొచ్చింది?"

"కొత్త కూర్పు మంచిదొచ్చింది. ఉండండి, గ్యాస్ కట్టానో లేదో..."

"కూకో. అబద్ధం ఆడినప్పుడల్లా నువ్వు గ్యాస్ సూసొస్తావు. నాకు మాట రాలేదు గానీ, కళ్ళు ఎప్పుడూ పోలేదు."

ఆమె కూర్చుంది. చెప్పేసింది. అటక, మెట్లు, ఒకటో నంబరు, ఢిల్లీశ్వరి, వేదాద్రి వెతుక్కుంటున్న మాటలు అన్నీ చెప్పింది. చెప్తూ ఉంటే గొంతు పెరిగింది. మన ఇంటికి వచ్చి, మిమ్మల్ని అడిగి, జవాబు వినకుండా పోయినవాడు ఇప్పుడు ఎలా ఉన్నాడో చూడాలి మీరు, అంది. ఆయన ముఖంలో సంతోషం కోసం చూసింది.

"మిగతావోళ్ళు?" అన్నాడు ఆయన.

"ఎవరు?"

"నాలాటోళ్ళు. వాళ్ళ గీతలూ జారే ఉంటాయి గదా. వాళ్ళ పెళ్ళాలు లాబులో పనిచెయ్యరు గదా."

"ఒక్కడి చోటు మిగిలితే ఒక్కరికే సరిపోతుంది. అందర్నీ నేనెక్కడ మొయ్యను?"

"మొయ్యమన్లేదు. మొదటి రోజు గీత తీసి అందరికీ సూపించొచ్చు గదా? ఎన్ని వారాలైంది నీకు తెలిసి? రోజూ పొద్దున్నే వాళ్ళ ఫోన్లకి పచ్చ టిక్కు పంపించి, వచ్చి నాకు కాఫీ ఇస్తన్నావు."

"నేను మీ కోసం..."

"నా కోసం కొంత. వాడు నత్తి కొడుతుంటే సూడ్డానికి కొంత."

ఆమెకి కోపం వచ్చింది. "అయితే వాడు చేసింది తప్పు కాదా? నాకు ఆ మాత్రం కసి ఉండకూడదా? చెప్పండి!"

ఆయన చెప్పలేదు. రేవు వైపు తిరిగి కూర్చున్నాడు. ఆమె ఎదురుచూసింది. వీధిలో ఆటో వచ్చి ఆగింది, మనిషిని దించింది, వెళ్ళిపోయింది. కింద ఎవరింట్లోనో కుక్కరు కూసింది. ఆయన కళ్ళు చిట్లించలేదు. మాట తడుముకోవడం లేదు. మాట ఆయన దగ్గరే ఉంది, ఇవ్వడం లేదు.

ఎన్నో ఏళ్ళుగా ఆలస్యాలు కొలిచే మనిషి ఆమె. ఈ ఆలస్యం యంత్రానిది కాదని తెలుసుకోవడానికి గీత అక్కర్లేదు. మరునాడు పొద్దున్న కూడా కాఫీ గ్లాసు తీసుకుని, ఒక్క మాట అనకుండా తాగేశాడు. రుచి బాగాలేదని కూడా అనలేదు.

*

లాబుకి వెళ్ళేసరికి ఢిల్లీశ్వరి శాలువా జారిపోతున్నా చూసుకోకుండా పోలికల గదిలోకి పరిగెత్తుకొచ్చింది.

"అక్కా, ఎరుపొచ్చింది! మన నంబరే! అడిగితే జవాబే నేదంట రాత్రినుంచి. చోటు చూస్తే నిండా ఉన్నాది, యంత్రం బాగానే ఉన్నాది. ఏటైందక్కా ఆయనకి?"

బోర్డు నిండా ఆకుపచ్చ. మధ్యలో ఒకే ఒక్క ఎర్ర చుక్క. ఊతం పుట్టాక వచ్చిన మొదటి ఎరుపు.

"ఆయనకి ఏమీ కాలేదు. అది నేను చేసిందే" అంది రత్నం.

ఆ చుక్కని చూస్తూ కూర్చుంది. చుట్టూ ఉన్న ఆకుపచ్చలన్నీ అబద్ధాలు. ఒక్క ఎరుపే నిజం. ఆ ఆకుపచ్చల్లో ఎంతమంది, ఖాళీ వాకిళ్ళకి "ఆగు" అని చెప్తున్నారో!

"ఢిల్లీ, రేపు మొదటి రోజు గీతనే అందరికీ నీలం గీత చేస్తాను. ఆ హక్కు నాదే."

ఢిల్లీశ్వరికి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. "అందరిదీ అంటే... ఒకటో నంబరు మెట్లూ కనబడతాయి. ప్రతి మెట్టు మీదా నీ సంతకం. నాయుడుగారికి ఎక్కువ చోటున్న సంగతీ బయటపడతాది. లాగేసుకుని సమానంగా పంచుతారక్కా. కొత్త యంత్రాలు కట్టేదాకా ఆయన మళ్ళీ..."

"తెలుసు."

"నిన్ను ఉద్యోగంలోంచే కాదు, ఇంకా ఎక్కడెక్కడికో లాగుతారు."

"అదీ తెలుసు. నువ్వు నా మాట విన్నావంతే. నీ పేరు ఎక్కడా రాకుండా చూస్తాను."

సాయంత్రం ఇంటికి వెళ్ళి చెప్పులు విప్పకుండానే చెప్పింది. "రేపు అందరికీ చూపించేస్తున్నాను. మీ మాట మళ్ళీ పోతుంది."

"ఎప్పుడు పోద్ది?" అన్నాడు దాలినాయుడు. మధ్యలో ఆలస్యం లేదు.

"ఎల్లుండికి పంచేస్తారు."

ఆయన ఆమె చేతిలోని సంచీ అందుకున్నాడు. "అయితే రేపు బేగి వచ్చీ. నిన్న తిట్టాల్సినవి మిగిలిపోనాయి. ఇవాళ్టివీ ఉన్నాయి. ఒక్కరోజులో అయ్యేవి కావు."

*

మరునాడు రత్నం మొదటి రోజు గీతల్ని అటక మీదనుంచి దించింది. ఒక్కో నంబరూ పోలికలోకి వస్తున్నకొద్దీ బోర్డు చివరలనుంచి ఎర్రబడుతూ వచ్చింది. కాసేపటికి ఆకుపచ్చ అన్నది లేదు, ఆమె మొగుడి నంబరు ఒక్కటి తప్ప. దాని పక్కనే ఒకటో నంబరు, అన్నిటికంటే చిక్కటి ఎరుపు.

కింద అంతస్తులో ఫోన్లు మొదలయ్యాయి. పొద్దుటి టిక్కు ఎర్రగా వచ్చిన ఇళ్ళవాళ్ళు. ఒక ఫోన్ ఎత్తేలోగా రెండు మోగుతున్నాయి. మెట్ల మీద పరుగులు వినబడ్డాయి. అందరూ వచ్చి బోర్డు ముందు నిలబడ్డారు. కొందరు తమ ఇంటి మనిషి నంబరు ఆ ఎరుపులో ఏదై ఉంటుందోనని కళ్ళతో వెతుకుతున్నారు. అలాంటివాళ్ళు ఆమెలాగే లాబులో ఇంకా ఉన్నారని ఆమెకి అప్పుడే తెలిసింది.

చివర వేదాద్రి వచ్చాడు. జనం దారి ఇచ్చారు.

ఆయన బోర్డు చూశాడు. తెర మీద ఒకటో నంబరు గీత మెట్లు మెట్లుగా దిగుతోంది. ప్రతి మెట్టు పక్కనా ఒకే సంతకం. దాని కింద ఇంకో గీత, అదే మెట్లతో పైకి ఎక్కుతోంది. ఆయన తెలివి ఏమాత్రం తగ్గలేదు. దారి మాత్రమే ఇరుకైంది. కాబట్టి మొత్తం అర్థమైంది.

"మీ గీత కూడా పెట్టాను సార్. మొదటి రోజుతో పోల్చి" అంది రత్నం.

ఆయన ఆమె వైపు తిరిగి కళ్ళు చిట్లించాడు.

ఆమె ఇన్ని వారాలుగా చూడాలనుకున్నది ఇదే. ఆయన ఏదో అనబోతున్నాడు. అది తిట్టు కావచ్చు. తన చోటు తనకిమ్మని అడగడం కావచ్చు. క్షమించమనడమూ కావచ్చు. అది పెదవుల దాకా రావడానికి ఎంతసేపు పడుతుందో ఈ గదిలో ఆమెకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని, ప్రతి అక్షరం ఊడిపడటం చూడొచ్చు.

కింద మలుపు దగ్గర బస్సు హారన్ వినబడింది. మధ్యాహ్నపు బస్సు. అది తప్పితే మళ్ళీ సాయంత్రమే.

రత్నం సంచీ భుజానికి తగిలించుకుంది. వేదాద్రి నోరు తెరుచుకుంటోంది.

"చాలా బాగున్నారు సార్" అంది.

జనం మధ్యనుంచి గుమ్మం వైపు నడిచింది. ఆమె గుమ్మం దాటుతూ ఉండగా వెనక మొదటి అక్షరం బయటపడింది. రెండోది ఇంకా పడలేదు.

ఏ గుమ్మం దగ్గరైనా వెనక్కి తిరిగి చూడటం ఆమెకు అలవాటు. ఈసారి చూడలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగి, బస్సు కోసం పరిగెత్తింది.